గూట్లో గ్లాసు

మా ఇంటికీ చెంచమ్మ గుడిసెకీ మధ్య
ఒక మురుగ్గాలవ, రెండు కర్రతుమ్మ మొక్కలు,
ముప్పై రెండేళ్ళ నా టీచరుద్యోగం కట్టించిన ప్రహరీ.
గోడ మీద గాజుపెంకులు దగ్గరుండి పెట్టించాను.
దొంగల కోసం అని మేస్త్రీకి చెప్పాను.
దొంగలంటే ఎవరని అతను అడగలేదు.
విడవలూరులో అది అడగాల్సిన ప్రశ్న కాదు.

ఆదివారం బడిలో పిల్లలకి
దెబ్బలు తిని దారిలో పడున్నవాడి కథ చెప్తాను,
బోర్డు మీద బొమ్మలు గీసి మరీ.
గాడిదని బాగా గీస్తాను.
పక్కనుంచి తప్పుకుపోయిన యాజకుడికి మాత్రం
ఎప్పుడూ వీపే.
మొన్న కెజియా అడిగింది:
"టీచర్, ఆయన ముఖం ఎట్టా ఉంటది?"
సుద్దముక్క అరిగిపోయిందన్నాను.

వరండా గూట్లో ఒక సొట్ట గ్లాసు ఉంటుంది.
ఎవరిదో ఎవరూ చెప్పక్కర్లేదు.
కాలవ తీసినప్పుడు, పెరట్లో ఎలకల బొరియ తవ్వినప్పుడు
చెంచమ్మే గూట్లో చెయ్యి పెట్టి తీసుకుంటుంది.
నేను పైనుంచి టీ పోస్తాను.
అంచుకి అంచు తగలకుండా ధార పొయ్యడం
ఒక విద్య.
ఎవరి దగ్గర నేర్చానో చాన్నాళ్ళు తోచలేదు.

కార్తీకంలో వాయుగుండం పట్టింది.
రొయ్యల గుంటలు తెగి నీళ్ళు నడివీధికొచ్చాయి.
మూడు రాత్రులు కరెంటు లేదు.
గోడవతల చెంచమ్మ మనవడు దగ్గుతున్నాడు.
నేను వాక్యం తెరిచి దీపం దగ్గరికి జరుపుకున్నాను.
దగ్గు.
ప్రభువా, ఈ ఊరిని కాపాడమన్నాను.
దగ్గు.
స్కూల్లో చోటిస్తారులే అనుకున్నాను,
వాళ్ళకి అలవాటేలే అనుకున్నాను,
పరుపులు తడుస్తాయనుకున్నాను,
బీరువా తాళం వేశానా అనుకున్నాను.
ఇన్ని అనుకోడానికి పట్టిన సేపట్లో
తలుపు తీసి ఉండొచ్చు.

అప్పుడు గుర్తుకొచ్చింది మా అవ్వ, లూదియమ్మ.
ఆసామి పొలంలో నాట్లకి పోయి
దప్పికైతే నడుం వంచి దోసిలి పట్టేది.
పైనుంచి చెంబునీళ్ళు,
మోచేతుల మీదుగా కారి సగం మట్టికే.
"నీళ్ళు చల్లగానే ఉండేవే అమ్మాయ్,
ఆ ఎత్తే..." అని ఆగిపోయేది.

ఆ ఎత్తు నా చేతికెప్పుడొచ్చింది?
కాలవ నీళ్ళలో మూడు తరాలు మునిగి లేచాం.
ఈ చెయ్యొక్కటి
తడవకుండా ఉండిపోయినట్టుంది.

తలుపు తీశాను.
ప్రేమతో కాదు, చెప్పేస్తున్నాను,
ఆ దగ్గు భరించలేక.
వాళ్ళు నలుగురు, ఒక కోడి, తడిసిన వల.
వరండాలోనే ఆగిపోయారు.
లోపలికి రమ్మనడానికి
నాకు ఇంకో గంట పట్టింది.

టీ కాచి, మా ఆయన పేరు కొట్టించిన గ్లాసుల్లో పోసి
ట్రేలో పెట్టి తెచ్చాను.
నాకు నేను కాస్త గొప్పగానే కనిపించాను.
చెంచమ్మ ట్రే వంక చూసింది, గూటి వంక చూసింది.
"నా గలాసు యాడబోయింది మా?"

ఎగతాళో, అమాయకత్వమో
ఆ చీకట్లో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.
"ఏదైనా ఒకటేగా, తాగు" అన్నాను.
"ఒకటే అయితే నువ్వు దాంట్లో తాగు మా,
నీకు తక్కువైనట్టుండాదిలే గలాసు."
నిజమే, నాలుగే తెచ్చాను.

తాగాను.
సొట్ట దగ్గర అంచు పైపెదవికి ఒరుసుకుంది.
పిల్లవాడు దగ్గు మధ్యలో నన్నే చూస్తున్నాడు.

తెల్లారి గ్లాసులు కడిగాను.
కడిగినవే ఇంకోసారి కడుగుతూ ఉన్నానని
మూడో గ్లాసు దగ్గర గానీ తెలియలేదు.
నాలుగోది ఒక్కసారే కడిగి బోర్లించాను,
చాలా కష్టం మీద.

నీళ్ళు తీశాయి. వాళ్ళు వెళ్ళిపోయారు.
కోడి ఒక గుడ్డు పెట్టిపోయింది బియ్యం డబ్బా వెనక.
గూడు ఖాళీ చేసి
అందులో ఏం పెట్టాలో తోచక
రెండ్రోజుల తర్వాత మళ్ళీ గ్లాసే పెట్టాను.
ఎవరికోసమో మాత్రం ఇప్పుడు చెప్పలేను.

ఈ ఆదివారం కెజియాకి
ఆ యాజకుడి ముఖం గీసి చూపించాలి.
కళ్ళజోడు పెట్టాలి.
జడ కాదు, ముడి.