పదకొండు ఖాళీ అరలు

ఫోన్‌ల ఆడగొంతు ఒకటే మాట చెప్తది:
"రూమ్ నంబర్ రెండు. ముప్పై ఒక్క డిగ్రీలు."
ఏడుపు లేదు, తొందర లేదు.
రెండు నిమిషాలకు మళ్ళ చేస్తది. ముప్పై మూడు.

సొహార్‌ల ఆగస్టు, రాత్రి రెండున్నర.
గీజర్ బందు పెట్టి, అండ్ల నీళ్ళు చల్లారనిచ్చి
తానం చేసే ఊరిది.
నల్లా తిప్పితే వచ్చేది సెగ.
క్యాంపుల మా రూమ్ ఏసీ చెడిపోయి నాలుగు రోజులు,
రిపేరు చేసేటోన్ని నేనే, సామాను రావాలె.
తడి దుప్పటి కప్పుకొని డాబా మీద పండుకున్నోన్ని
ఆ గొంతు లేపింది.

తలుపు తీయంగనే
రోజూ పండ్లు కొట్టుకునే చలి గది
ఇయ్యాల అన్నం గిన్నె మూత తీసినట్టుంది.
వరుసగ నిలవడ్డ నల్ల బీరువాలు,
ఒక్కోదాంట్ల నలభై ఫ్యాన్లు గొంతు చించుకుంటున్నయి.
వాటి కడుపుల ఎవల జీతాలో, ఏ ఓడల లెక్కలో,
ఎవడో రాత్రిపూట పంపిన ముద్దుబొమ్మో,
నాకు తెల్వదు.
నాకు తెలిసింది, ఏ లెక్కైనా ఉడుకుతది.

"తలుపులన్నీ తెరువుండ్రి!" ఫోన్‌ల ఖల్ఫాన్ సార్.
తెరిస్తే సముద్రమంత ఉక్క లోపలికొస్తది సార్,
ఇనుముకు చెమట పడ్తది,
అప్పుడు చంపేది వేడి కాదు, నీళ్ళు.
ఇదంత చెప్పేతందుకు నా హిందీ చాలలే.
వద్దు, అన్న. అంతే.

మా తాత నీరటి.
తూము కాడ నిలవడి, నీడ కొలిచి,
ఎవల మడికి ఎంతసేపో అంతసేపు ఇడిచేటోడు.
"నీళ్ళు తక్కువై ఎండే పొలం తక్కువ బిడ్డా,
ఎండ్రికాయ బొక్కతోని ఎండేదే ఎక్కువ" అనేటోడు.

మోకాళ్ళ మీద కూసొని
బీరువాల నడుమ చెయ్యి పెట్టి ఎతికిన.
దొరికినయి.
మిషన్లు పీకేసిన కాడ ఖాళీ అరలు, పదకొండు.
ఎనుక ఊదిన ఉడుకు గాలి
అండ్లకెల్లి దొంగతనంగ ముందుకొచ్చి
మళ్ళ అదే మిషన్ల ముక్కుల్లకు పోతున్నది.
తన ఊపిరి తనే తాగుతున్నది గది.

మూసే రేకులు స్టోర్‌ల ఉన్నయి.
స్టోర్ తాళం మస్కట్‌ల ఉన్నది.

మొతిన్ మియా ఉరికిండు,
క్యాంటీన్ ఎనుక నించి
ఫర్ద్ ఖర్జూరం అట్టపెట్టెలు మోసుకొచ్చిండు.
కోసినం. కుక్కినం. టేపేసినం.
డాబా మీద దిల్ బహదూర్
పూడుకపోయిన జాలీ కడుగుతున్నడు,
పైపుల నీళ్ళు చేతులు కాలుస్తుంటే
నేపాలీల ఎవరినో తిడుతున్నడు.
ఇసుక, నూనె మురికి, పావురం ఈకలు
బురదై గోడెంబడి కారుతున్నయి.

ఫోన్: ముప్పై ఎనిమిది.
ఫోన్: ముప్పై ఎనిమిది.

అంకె కదలనప్పుడు
మొతిన్ మొఖం నేను చూసిన, నా మొఖం మొతిన్ చూసిండు.
చేతుల కత్తెర అట్లనే ఉంది.
ముప్పై ఏడు.

తెల్లారగట్ల నాలుగున్నరకు నాకు వణుకొచ్చింది.
అంత సంబురంగ ఎన్నడూ వణకలే.

ఏసీ కాళ్ళ కాడ, పైపు కింద
బకెట్‌ల బొట్టుబొట్టుగ నీళ్ళు నిండినయి.
ఊరు మొత్తం మీద చల్లటి నీళ్ళు అవే.
దిల్ బహదూర్ దిగొచ్చి
ఎర్రబారిన చేతులు మణికట్ల దాక ముంచి
కండ్లు మూసుకొని కూసున్నడు.
తిట్లన్నీ మరిచిపోయినట్టుండె.

రిపోర్టుల రాసిన. కారణం: దుమ్ము.
చేసిన పని: శుభ్రం.
అట్టముక్కల గడి ఆ కాయితంల లేదు.

ఎనిమిది నెలలాయె, రేకులింక రాలే.
మా రూమ్ ఏసీ సామాను మాత్రం వచ్చింది, అది వేరే సైజు.
రెండో నంబర్ గదిల, నీలం తీగెల నడుమ
సగం తెగిన ఖర్జూర గెల బొమ్మ,
తలకిందులుగ,
ఇరవై రెండు డిగ్రీల చలిల
కాపు కాస్తున్నది.