ఏడో తరగతి లేని దారి

పొద్దున ఆరూ యాభైకి డులూత్‌లో ఇంకా రాత్రే.
సుపీరియర్ సరస్సు మీంచి వచ్చే గాలికి
వ్యాను తలుపు బిగుసుకుపోతుంది,
భుజంతో ఒక్క తోపు తోస్తే గాని తెరుచుకోదు.
ముప్పయ్యొక్కేళ్ళు ఇనుపరాయిని ఓడలకెత్తిన భుజం ఇది.
ఇప్పుడు నలుగురు పిల్లల్ని
లెక్కలకెత్తుతోంది.

మిడిల్ స్కూల్ గేటు దగ్గర ఎక్కుతారు,
కొండమీది హైస్కూల్లో దిగుతారు.
ఏడో తరగతి లెక్కల మీంచి గెంతించి
తిన్నగా బీజగణితంలో దింపారట వీళ్ళని.
మే నెలలో పరీక్ష పెట్టారు,
పేర్లు కాగితం మీద అచ్చేశారు.
ఆ కాగితం నా సీటు వెనక సంచిలో ఉంది:
సోరెన్, గ్రేడీ, ఐలా, పా న్యా.
అయిదో పేరు కొట్టేసి ఉంది,
చదవడానికి వీల్లేకుండా, మందంగా.
అయినా వెలుతురుకి పట్టుకుని చూశాను.
మా పక్కింటి డెలోరిస్ మనవడు.
రెండు మార్కులు.

ఆ వారమంతా వాడు
నా వ్యాను మలుపు తిరిగేదాకా
చెత్తడబ్బా వెనక నక్కి నిలబడ్డాడు.
అద్దంలో చూశాను. ఎవరికీ చెప్పలేదు.

సోరెన్ సూత్రాలు వల్లె వేస్తాడు,
ఊపిరి తీసుకోవడం కూడా సూత్రంలో భాగమైనట్టు.
గ్రేడీ నోరు తెరుచుకుని నిద్రపోతాడు.
ఐలా చల్లారిన రొట్టె నములుతుంది.
పా న్యా మంచు పట్టిన అద్దం మీద
గోటితో ఎక్స్ రాస్తుంది,
పక్కన ఏమీ రాయదు.

డిసెంబర్లో ఒకరోజు
ఖనిజం రైలు అడ్డొచ్చి గేటు పడింది.
"ఆర్వో గారూ, భిన్నంతో భాగించమంటే
దాన్ని తిరగేస్తాం కదా, ఎందుకు?"
"తిరగేసి గుణించాలి, అంతే," అన్నాడు సోరెన్.
"అది నాకూ వచ్చు. ఎందుకని?"
సోరెన్ నోరు తెరిచాడు. మూశాడు.
గ్రేడీ కూడా లేచాడు.
కొండెక్కడానికి తొందరపడ్డవాళ్ళ చేతిలోంచి
ఆ "ఎందుకు" జారి
దాటేసిన పుస్తకంలో ఎక్కడో పడిపోయింది.

నూట పదహారు వ్యాగన్లు. నాకు తెలుసు, నింపినవాణ్ణి.
టైముంది.
టిఫిన్ డబ్బా తీశాను.
మూడు పేస్టీలు, రాత్రి నేను చేసుకున్నవే,
ఒకటి కాస్త మాడింది.
"మూడింట్లో సగాలెన్ని?"
విరిచింది. లెక్కపెట్టింది. ఆరు.
ఇంకేం అడగలేదు నేను.
చేతిలో సగం ముక్క పట్టుకుని
ఆ పిల్ల దాన్నే చాలాసేపు చూసింది,
తర్వాత "ఓ" అంది,
అంత చిన్న శబ్దానికి
అద్దం మీద మంచు కొంచెం కరిగింది.

ఆరు ముక్కలూ అయిదుగురం తినేశాం.
నాలుగు నిమిషాలు ఆలస్యం, రిజిస్టర్లో సంతకం నాది.

ఫిబ్రవరిలో పా న్యా ఎక్కలేదు.
ఏడో తరగతి లెక్కల్లో కూర్చుంటానని
తనే వెళ్ళి అడిగిందట.
ఆఫీసులో దాన్ని "కిందికి దిగడం" అంటారు,
దానికో ఫారం ఉంది, పసుప్పచ్చది.
పరుగెత్తి పాలు తాగాలా, నిలబడి నీళ్ళు తాగాలా
అరవై ఆరేళ్ళు వచ్చినా నాకు తేలలేదు,
పన్నెండేళ్ళ పిల్ల సంతకం పెట్టేసింది.
నా పేస్టీ ముక్కే చేసిందా ఈ పని?
వాళ్ళమ్మ కనిపిస్తే తల వంచుకుంటాను.
ఆవిడ మాత్రం నవ్వుతుంది:
"ఇప్పుడు సరిగ్గా నిద్రపోతోందండీ."

ఖాళీ సీటు ఖాళీగానే ఉంది.
సంవత్సరం మధ్యలో నింపకూడదట, రూలు.
డెలోరిస్ మనవడు చెత్తడబ్బా వెనక నక్కడం మానేశాడు,
ఇప్పుడు నాకు చెయ్యి కూడా ఊపడు.

శుక్రవారాలు వ్యాను కడుగుతాను.
ఆ ఒక్క అద్దం లోపలివైపు గుడ్డ పెట్టను.
గట్టిగా మంచు పట్టిన పొద్దుల్లో
వేలి జిడ్డు అంటిన చోట ఎక్స్ మళ్ళీ తేలుతుంది.
సోరెన్ దాని వంక చూస్తూ
ఈమధ్య సూత్రం మధ్యలో ఆగిపోతున్నాడు.