చివరి ఇంటి కుళాయి

ముప్పై ఒక్క ఏళ్ళు ఈ దీవి గొట్టాలు బాగుచేశాను.
పేరు సన్నివా ఫ్లెట్. ఆర్క్‌నీలో అందరికీ నా వ్యాను తెలుసు,
చెట్టన్నది లేని ఈ నేల మీద
దాక్కోవడానికి దానికీ నాకూ చోటు లేదు.

అందుకే, తెర మీద నా మెదడు పరిచి
డాక్టర్ శాండిసన్ రక్తనాళాలు చూపిస్తుంటే
కొత్తగా ఏమీ అనిపించలేదు.
ఇదిగో పెద్ద లైను, ఇవి పాయలు,
ఇక్కణ్ణించి వెంట్రుకలంత సన్నం.

"మూడు కాలువల శివార్లు ఇక్కడ కలుస్తాయి," అంది,
"కలిసే చోట ఎవరి వంతూ పూర్తిగా అందదు.
మీ మచ్చలు కొన్ని సరిగ్గా ఆ సరిహద్దు మీదే ఉన్నాయి."

బార్బరా రెండల్ గుర్తొచ్చింది.
లైను చివరి ఇల్లు ఆమెది, దాని తర్వాత సముద్రమే.
పై పొలాలవాళ్ళు ఆవులకు తాపి,
పాల క్యాన్లు కడిగి, పిల్లలకు స్నానాలు చేయించాక
మిగిలింది ఆమెకు.
తాడులా దూకాల్సిన నీళ్ళు
నూలుపోగులా దిగేవి.
కెటిల్ నిండేలోపు స్వెటరు చెయ్యి సగం అల్లేసేది.
ఏనాడూ తిట్టలేదు.
"వస్తుందిలే సన్నివా, వస్తోందిగా" అనేది.

నా తలలో బార్బరా ఇళ్ళు పద్నాలుగు.
తెల్లగా, కోడిగుడ్డు ఆకారంలో,
చాలావాటి నడుమ సన్నటి నల్లగీత.
"అది సిర," అంది డాక్టరు.
"కాపలా కణాలు అక్కడే గోడ దాటతాయి.
దాటి, తీగల మీది తొడుగు ఒలుస్తాయి."

పైపుల మనిషి అడగాల్సిందే అడిగాను:
ఒత్తిడి పడిపోయినందుకు గోడ చెడిందా,
గోడ చెడినందుకు ఒత్తిడి పడిపోయిందా?
మా దగ్గర ఒత్తిడి తగ్గితే
పగుళ్ళలోంచి బయటి బురద లోపలికొస్తుంది.
మీ దగ్గర లోపలివాళ్ళే బయటికెళ్ళి ఇల్లు కూలుస్తున్నారు.
ఏది ముందు?

ఆమె పెన్ను మూత పెట్టింది, తీసింది.
"తెలీదు," అంది.
ఆ ఒక్క మాటకి ఆమెను నమ్మాను.
తెలిసినట్టు తవ్వించిన ఇంజనీర్లను చాలామందిని చూశాను,
ఆ గుంటలన్నీ నేనే పూడ్చాను.

మొదటిసారి మ్యాన్‌హోలు మీదికి వంగినప్పుడు.
మెడ వంచగానే వెన్నులో కరెంటు, మడమ దాకా.
కేబులు కోశాడనుకుని రోనన్‌ని తిట్టాను,
పాపం కుర్రాడు
ఇరవై గజాల దూరంలో శాండ్‌విచ్ తింటున్నాడు.
తర్వాత స్పానరు, చెప్పాపెట్టకుండా, చేతిలోంచి జారడం.
వేడినీళ్ళ తొట్టిలో కూర్చుంటే ఎడమకన్ను మసకబారి
ఒళ్ళు చల్లారాక మళ్ళీ తెరుచుకోవడం.

మాకొక కర్ర ఉంటుంది, ఆనించి వినే కర్ర.
అర్ధరాత్రి, అందరూ పడుకున్నాక,
ఒక కొన వాల్వు మీద, ఇంకో కొన చెవికి.
కారే గొట్టం బుసకొడుతుంది.
ఎక్కడ తవ్వాలో ఆ బుసే చెబుతుంది.

మొన్న రాత్రి వంటింట్లో ఆ కొన కణతకు,
ఈ కొన చెవికి పెట్టుకోబోయాను.
నవ్వకండి. కర్ర పొడుగు, తల చిన్నది.
చివరికి గోడకు ఆనించి విన్నాను:
ఫ్రిజ్. గాలి. గాలికి కొట్టుకునే గొళ్ళెం.

ఈ సోమవారం కర్ర రోనన్‌కి ఇచ్చేశాను.
బార్బరా ఇంటి ముందునుంచి ఫోను చేశాడు,
ఆమె పోయి మూడేళ్ళు, ఇప్పుడక్కడ కుండలు చేసే జంట.
"ఏమీ వినిపించట్లేదు సన్నివా."
ఊపిరి బిగబట్టు, అన్నాను. నీ ఊపిరే నీకు అడ్డం.
ఇంకా. ఇంకొంచెం.
ఫోనుకి రెండు వైపులా ఇద్దరం ఊపిరాపి నిలబడ్డాం,
నేను కిటికీ చట్రం పట్టుకుని.

"ఉంది," అన్నాడు. "సన్నగా."