మాట ఆగితే

నాకు తొమ్మిదేళ్ళప్పుడు
నాన్న నా చంకల కింద తాడు బిగించి
మెడదాకా భూమిలో పాతిన కాగులోకి దించాడు.
పెద్దవాళ్ళ భుజాలు పట్టని మూతి అది,
అందుకని నేను.
చెర్రీ బెరడు కుంచె, సున్నపు నీళ్ళు, ఒక కొవ్వొత్తి.
"మాట్లాడుతూనే ఉండు నుగ్జార్,
మాట ఆగిందంటే లాగేస్తాం."

ఏం మాట్లాడాలో తెలియక ఎక్కాలు అందుకున్నాను.
మట్టిగోడ నా గొంతు నాకే తిప్పి కొట్టింది.
ఏడో ఎక్కం దగ్గర ఏడుపొచ్చింది.

పైకి లాగి, నాన్న నవ్వి,
చిన్న పిడతతో నల్లటి వైన్ అందించాడు.
"భయానికి ఇదే మందు."

అబద్ధం చెప్పలేదు ఆయన.
భయం నిజంగానే పోయింది.
ఎక్కడికి పోయిందో నలభై ఏళ్ళకి తెలిసింది,
మడ్డిలాగా అడుక్కి దిగి కూచుంది.

కాగు దిగడానికి ఒక గ్లాసు.
ఎక్కినందుకు ఒకటి.
తర్వాత బ్యాంకు మెట్లెక్కడానికి,
ఫోను మోగితే ఎత్తడానికి,
మోగకపోతే ఊరుకోడానికి.
మా కాఖేతిలో ఇది ఎవరి కంటా పడదు.
విందులో ప్రతి గుక్కకీ ఒక పేరుంటుంది కదా,
శాంతికని, పోయినవాళ్ళకని, అతిథికని.
నేను పేరు పెట్టకుండా తాగేవాణ్ణి.
తేడా అంతే అనుకున్నాను.

ఆ అక్టోబరు గోచా లోపలున్నాడు.
పదహారేళ్ళవాడు, ఏదో ఫుట్‌బాల్ పాట పాడుతున్నాడు.
తాడు నా చేతిలో ఉంది.
లోపల కొవ్వొత్తి ఆరింది, పాట ఆగింది.
నేను వినలేదు.
గోడకి ఆనుకుని, నోరు తెరుచుకుని
నిద్రపోతున్నాను.

వాడు బతికాడు.
ద్రాక్షబుట్ట దించడానికొచ్చిన ఎవరో లాగారట.
ఇప్పుడు రొట్టెల బట్టీలో పని.
నేను వీధిలో ఎదురైతే పక్క సందులోకి తిరుగుతాడు.
తిరగనీ. ఆ సందు వాడిది.

తెలావి ఆస్పత్రిలో పదకొండు రోజులు
దుప్పటి మీద చీమలు పాకాయి. లేని చీమలు.
ఆ తర్వాత మంగళవారాలు,
పాత తపాలా ఆఫీసు మేడగదిలో ఆరుగురం,
చక్కెర ఎక్కువైన టీ.
దేనికి భయమని ఫిజిక్స్ మాస్టారు అడిగితే
"ఖాళీ కాగుకి" అన్నాను.
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

రెండువందల ఆరో రోజున
గోచా నాయనమ్మ దరేజాన్ కబురంపింది.
పెద్ద కాగు కడగాలి, మనిషి దొరకట్లేదు.
వెళ్ళాను.
డెబ్బై నాలుగేళ్ళ మనిషి
తాడు నడుముకి రెండు చుట్లు చుట్టుకుంది.
"నీ మీద నమ్మకంతో కాదు" అంది,
పొద్దుతిరుగుడు గింజ పొట్టు ఉమ్మి,
"తాడు మీద."

నిచ్చెన మూడో మెట్టు మీద కాళ్ళు వణికాయి.
పక్క కాగులో పోయినేటి వైన్ వాసన
పేరు పెట్టి పిలిచినట్టే ఉంది.
ఒక్క పిడత. ఎవరికి తెలుస్తుంది?
దరేజాన్‌కి తెలుస్తుంది.
ఆమె లేకపోయినా నాలుగో మెట్టుకి తెలుస్తుంది.

భయం వచ్చింది.
తొమ్మిదేళ్ళ వయసే దానికింకా,
ఎదగనిస్తేగా నేను.
అది ముందు దిగింది, వెనకే నేను.
చల్లటి మట్టి. నా ఊపిరి.
కొవ్వొత్తి నిలకడగా వెలుగుతోంది.
కుంచె గోడకి తాకగానే చెయ్యి పని గుర్తుపట్టింది,
వణుకుతూనే.

"మాట్లాడు!" పైనుంచి కేక.
గొంతు పెగుల్చుకుని ఎక్కాలు మొదలుపెట్టాను.
రెండో ఎక్కం, మూడోది...
ఏడు ఎనిమిదులు యాభై నాలుగన్నాను.

"యాభై ఆరు" అంది దరేజాన్.
తాడు కొంచెం బిగిసింది.

యాభై ఆరు, అన్నాను.
ఏడు తొమ్మిదులు...