పరిగె

మొదటి రోజే చెప్పేశారు,
ఇక్కడ మనుషుల్ని చేపల పేర్లతో పిలుస్తారని.
నాణేలు మూట కట్టుకున్నవాళ్ళు తిమింగలాలు,
వాళ్ళ కింద డాల్ఫిన్లు,
నాలాగా నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు
పరిగెలు.

నవ్వొచ్చింది.
కుమనా రేవులో తెల్లారగట్ల నాలుగింటి నుంచీ
సార్డీన్ల పొట్టలు చీల్చేదాన్ని.
చేపంటే ఏమిటో నాకా చెప్పడం?
గోళ్ళ సందుల్లో పొలుసులతోనే ఫోను పట్టుకుంటాను,
పగిలిన అద్దం వేలు కొయ్యకుండా
అక్షరాలు వెతుక్కుంటాను.

తాళంచెవి ఇచ్చారు, యాభై ఒక్క అక్షరాలది.
పోగొట్టుకుంటే దేవుడొచ్చి అడిగినా
మళ్ళీ ఇవ్వమన్నారు.
గ్యాసు బండల లెక్కలు రాసుకునే పుస్తకంలో
చివరి పేజీలో రాసి
మొక్కజొన్న పిండి డబ్బాలో దాచాను.
పిండి ఎలాగూ లేదు.

కరెంటున్న మూడు గంటలూ కూర్చుని
మొదట మా ఎగ్లీ అత్త గురించి రాశాను.
ఆమె కత్తి పట్టుకునే తీరు,
పెలికాన్లని పేరు పెట్టి తిట్టడం,
మంజనారెస్ వరదకి కొట్టుకుపోయిన మా తలుపు
రెండు వీధుల అవతల ఇంకొకరింటికి బిగించి కనబడితే
మర్యాదగా తట్టి,
"మా తలుపు కులాసాగా ఉందా?" అని అడిగి రావడం.

ధర తేలడానికి ఏడు రోజులన్నారు.
ఏడు రోజులూ
ఐసు మీద పెట్టిన చేపని చూసినట్టు చూశాను,
కళ్ళు మసకేశాయా లేదా అని.
ఎనిమిదో నాడు వచ్చింది:
సున్నా, చుక్క, సున్నా, రెండు.

అదే వారం ఒక తిమింగలం
కాఫీ కప్పు ఫోటో పెట్టి
"శుభోదయం" అంది.
నూట నలభై.
లెక్కెయ్యకూడదు గానీ వేశాను:
ఆ ఒక్క మాటకీ
నా నాలుగు నెలల సార్డీన్లు.

తిమింగలం కాస్త ఒరిగితే చాలట,
నీళ్ళు కదిలి మనమూ పైకి తేలతామట.
అందుకే అందరూ ఆ కాఫీని పొగుడుతున్నారు.
నేనూ పొగిడాను, ఒక్కసారి,
కప్పు అందంగా ఉందని.
ఆ రాత్రి చేతులు రెండుసార్లు సబ్బుతో తోముకున్నాను.
చేపల వాసన పోవడానికి కాదు.

పడవ ఇంజన్లు బాగుచేసే ఎదురింటి యూడొమార్
"ఏదీ, నాణెం చూపించు" అన్నాడు.
చూపించడానికేముంది, అంకె.
"మరి నీ జేబులో బొలివార్?" అన్నాను.
పొద్దున ఒక అంకె, పొద్దుగూకేసరికి ఇంకో అంకె.
ఇద్దరం కాసేపు
సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాం.

పరిగె అంటే చేప ఒకటే కాదు.
కోతలైపోయిన చేలో
ఆసామి వదిలేసిన కంకులు ఏరుకున్నా పరిగే.
ఏరుకునేవాళ్ళకి చేను ఎన్నెకరాలో తెలీదు,
నేల ఎంత దగ్గరో తెలుసు.

నిన్న, పచ్చిమామిడి వేసి మేం వండే
సార్డీన్ల పులుసు గురించి రాశాను.
ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో
రాత్రి ట్రాములు నడిపే ఐమో అట,
అతనూ పరిగే,
అతని మెప్పుకి గవ్వంత బరువైనా లేదు,
అడిగాడు:
"మాకు మామిడి దొరకదు. పులుపుకి ఏం వెయ్యను?"

ఇన్నాళ్ళకి ఒకరు
చివరి వాక్యం దాకా చదివారు.

గబగబా జవాబు కొట్టాను. వెళ్ళలేదు.
"ఈ పూటకి మీ మాటలు అయిపోయాయి."
చిన్నవాళ్ళకి మాటలు కూడా రేషనే ఇక్కడ,
మా వీధి కుళాయిలాగా.
బిందె పట్టుకు నిలబడ్డం నాకు కొత్తా?

తెల్లారేదాకా
నాలిక కింద పెట్టుకుని పడుకున్నాను:
ఐమో, పుల్లటి యాపిల్ ముక్కలు వెయ్యి,
తొక్క తియ్యకు.
ఉప్పు మాత్రం తొందరపడి వెయ్యకు,
చేప తన ఉప్పు తనే తెచ్చుకుంటుంది.