ఎన్ని గజాలు

"దానపత్రమా? ఎన్ని గజాలు?" అన్నాడు
నాంపల్లి కోర్టు గోడవారన, గొడుగు కింద,
ముప్పై ఏళ్లుగా టైపు కొడుతున్న పెంటయ్య గారు.
గజాలు లేవండీ, సాఫ్ట్‌వేరు అన్నాను.
"ఫ్లాటా?"
కాదు.
"ఏదైతేంది, హద్దులు రాయాలె గదమ్మా. తూర్పుకు ఎవరు?"

ఫౌండేషన్ వాళ్లు పంపింది మూడే పేజీలు.
కోడు మీద హక్కు, పేరు మీద హక్కు,
చివరికి ఆ బొమ్మ మీద కూడా.
కరెంటు పోయిన ఓ మధ్యాహ్నం కరపత్రం వెనక
నేనే గీశాను దాన్ని: క కింద ఒదిగిన ష.

తూర్పుకు ఎవరు?
ఛత్తా బజార్‌లో ఇలియాస్ భాయ్ అని చెప్పాలేమో.
పదిహేనేళ్ల కిందట, పెళ్లి కార్డుల బంగారు పొడి
గడ్డానికంటుకుని ఉండగా అన్నాడు:
"పాత ఫాంటు నుంచి కొత్త దాంట్లకు మారిస్తే
వత్తులు ఊడి పడుతున్నయ్ మేడమ్."
ఆయనకు తెలుగు చదవడం రాదు,
వీధిలో మనుషుల్ని పోల్చుకున్నట్టు
అక్షరాల్ని పోల్చుకుంటాడు.
మూడొందల కార్డుల మీద దీక్షిత
దీకషిత అయి కూర్చుంది.
పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఆ రాత్రి మల్కాజిగిరిలో
రైలు పోయినప్పుడల్లా గ్లాసులు మోగే గదిలో
మొదటి నూటపది లైన్లు రాశాను.
వత్తు అని పేరు పెట్టాను.
నలభయ్యో లైను పక్కన ఒక మాట రాసుకున్నాను:
ఇది ఎందుకు పనిచేస్తుందో తెలీదు, ముట్టుకోవద్దు.

తర్వాత ఎవరెవరో వచ్చారు.
ఇచ్చోడ నుంచి ఒక సైన్సు టీచరు,
అరసున్నల కోసం నన్ను ఉత్తరాల్లో తిట్టే
రిటైరైన లైబ్రేరియన్ ఒకాయన,
అర్ధరాత్రి "అర్జెంట్" అని మాత్రమే రాసే
పేరు తెలియని మనిషి.
పాపకి జ్వరం ఉన్న రాత్రి కూడా
ఒక చేత్తో తడిగుడ్డ, ఒక చేత్తో ఋకారం.
ఇందులో గొప్పేమీ లేదు. కోపం వచ్చేది.
అయినా తెల్లారి మళ్లీ తెరిచేదాన్ని.

మొన్న ఆషాఢంలో తార్నాక దగ్గర
ఆటో వచ్చి నా స్కూటీని తోసింది.
తడి రోడ్డు మీద పడి ఉండి
నేను తలచుకున్నది దేవుణ్ణి కాదు.
పాస్‌వర్డు నాకొక్కదానికే తెలుసు అనుకున్నాను.
మణికట్టుకి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చి
ఎడమ చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాను:
దీన్ని మీరు తీసుకుంటారా?

"పడమటికి?" అన్నాడు పెంటయ్య గారు.
తెలీదండీ.
"ఉత్తరం, దక్షిణం?"
తెలీదు. ఎక్కడిదాకా పోయిందో చూడలేదు.
ఆయన వేళ్లు కీల మీద ఆగాయి.
నాలుగు వైపులా కలిపి ఒకే గీత కొట్టి
"విలువ ఎంత రాయాలె?" అన్నాడు.
ఈ ఊళ్లో ఆ ప్రశ్నకి నోరు తెరవలేకపోయింది
నేనొక్కదాన్నేనేమో.

సంతకం పెట్టాను. నోటరీ ముద్ర కొంచెం వంకరగా పడింది.

వారం తర్వాత ప్రతి ఫైలు నెత్తిన
సుగుణ వేముల అన్న పేరు పోయి
వత్తు రచయితలు అని వచ్చింది.
పేర్ల జాబితా ఇంకో ఫైల్లో ఉంది, అక్షరక్రమంలో.
నేను బాగా కిందికి, స దగ్గర.
నా పైన ఇలియాస్ పేరు ఉంది.
ఆయన ఒక్క లైను రాయలేదు,
ఎవరు చేర్చారో అడగలేదు నేను.

నిన్న ఒక చిన్న మార్పు పంపి
ఎవరైనా ఒప్పుకుంటారేమోనని కూర్చున్నాను,
సొంతింటి బెల్లు కొట్టి బయట నిలబడ్డట్టు.
ఇరవై రెండేళ్ల పిల్లాడు, పేరు తరుణ్ కాసాని,
మర్యాదగా అడిగాడు:
మేడమ్, నలభయ్యో లైను ఎందుకుంది?

తెలీదు బాబూ, అని రాశాను.

తీసేశాడు.
పరీక్షలన్నీ నడిచాయి, వరసగా పచ్చగా.
నేను లేచి ఛత్తా బజార్‌కి ఫోన్ చేశాను.
భాయ్, ఒక్కసారి క్ష కొట్టి చూడండి.