ఇంకా నాలుగు కాలేదు

ఫ్లీట్‌వుడ్‌లో ట్రాము ఆఖరి స్టాపు ఎదురుగా
ఆర్నల్డ్ ఎంట్విజిల్ బూట్లు బాగుచేసే కొట్టు.
తలుపు అద్దానికి లోపలినుంచి అంటించిన అట్టముక్క,
మార్కరు పెన్నుతో పెద్దక్షరాలు:
"బ్లాక్‌పూల్ వెళ్ళాను. నాలుగింటికి వస్తాను."

ఏ రోజు నాలుగింటికో రాయలేదు.

మడమ ఊడిన నా బూట్ల జత లోపలుంది.
చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు,
తడి నేలమీద అరువు చెప్పులతో తొమ్మిది రోజులు.

పక్కన లాండ్రీ. విన్నీ రాత్‌బోన్
ఎవర్నైనా "లవ్" అనే పిలుస్తుంది,
మీటర్ల లెక్క తీసుకునేవాణ్ణి కూడా.
"ఆర్నల్డ్ హ్యాజ్ బీన్ టు బ్లాక్‌పూల్?" అన్నాను.
సబ్బు చేతులు గాల్లోనే ఆగాయి.
"బీన్ కాదు లవ్, గాన్.
బీన్ అంటే తిరిగొచ్చాడని.
తిరిగొస్తే ఈ స్టూలు మీద ఉండడూ,
నా బిస్కెట్లు తింటూ?"

అప్పటికి నాకర్థమైంది ఇంతే:
మేం గడప దాటకముందే తిరుగుబాటను మాటలో కట్టుకుంటాం,
వెళ్ళొస్తా అని.
వీళ్ళు అప్పివ్వరు.
వచ్చాక, కోటు విప్పి కొక్కేనికి తగిలించాక,
అప్పుడు ఖాతాలో రాస్తారు: బీన్.
అంతవరకూ మనిషి గాన్‌లోనే ఉంటాడు,
వానలో గొడుగులా, ఎక్కడో ఒకచోట తెరుచుకుని.

మర్నాడు దుప్పటి మడతపెట్టడానికి నన్ను పిలిచింది.
రెండు కొసలు తనవి, రెండు నావి.
"హ్యాజ్ ద పోస్ట్ బీన్?" అంది కిటికీ వైపు చూస్తూ.
పోస్టువాడు ఎక్కడికి వెళ్ళొచ్చాడు? నాకు తోచలేదు.
"ఎక్కడికీ కాదు. వచ్చాడా, ఇచ్చాడా, వెళ్ళాడా? అంతే."

దుప్పటి మధ్యలో వేలాడింది.
వెళ్ళొచ్చినవాడూ బీన్,
వచ్చెళ్ళినవాడూ బీన్!
"మాకు రెండు మాటలు విన్నీ,
మీరు రెంటికీ ఒకే కుట్టు వేసేశారు."
"పొదుపు, లవ్. లంకషైర్ వాళ్ళం."
ఆమె నా దగ్గరకు నడిచొచ్చి
తన కొసలు నా చేతుల్లో పెట్టి
మడత అంచు పట్టుకుని వెనక్కి వెళ్ళింది.
ఆ రావడం, ఆ వెళ్ళడం
ఏ మాటలో చెప్పాలో నేను అడగలేదు.

పదహారో రోజు కొట్టు యజమాని తాళంచెవి తెచ్చాడు.
అతని వెంట ఆర్నల్డ్ మేనకోడలు, ప్రెస్టన్ నుంచి.
బ్లాక్‌పూల్ ఆసుపత్రి పేరున్న కవరు ఆమె చంకలో.
ఆమె ఏం చెప్పిందో నాకు సగమే వినబడింది,
డ్రయ్యరు తిరుగుతోంది.
మిగతా సగం విన్నీ ముఖంలో చదువుకున్నాను.
మా భాషలో దానికో మాట ఉంది.
వెళ్ళడానికి చుట్టమే, కానీ దానితో "వస్తా" కలవదు.
నోట్లోనే నమిలి మింగాను.

లోపల జిగురు వాసన.
అరలో చీటీ కట్టిన నా బూట్లు.
మడమ కొత్తది.
మేకులు వరసగా, ఇంకా మెరుస్తూ.
బల్లమీద సగం తాగిన టీ, పైన మీగడ చర్మం.
నేనిచ్చింది సోమవారం సాయంత్రం.
అట్టముక్క అప్పటికే అద్దంమీద ఉంది,
మేనకోడలు తలుపు సందులోంచి తీసుకుంది వాటిని,
మామయ్యకి పెరుగన్నా పెడదామని వచ్చి.
ఆ రాత్రే అతను వార్డులో చెప్పకుండా
ఆఖరి ట్రాము ఎక్కి ఉండాలి.

విన్నీ మడమని బొటనవేలితో నొక్కి చూసింది.
పోస్టువాడి గురించి అన్నట్టే అంది:
"హీజ్ బీన్."

రెండింటిలో ఏదో నేను అడగలేదు.
చీటీ మీద నాలుగు పౌండ్ల యాభై.
చిల్లర లెక్కపెట్టి, ఎవరికివ్వాలి అన్నాను.
గోడగడియారం ఆరూ ఇరవై చూపిస్తోంది.
అట్టముక్క అంచు లేచిపోతుంటే
ఆమె తడివేలితో మళ్ళీ అతికించింది.

"నీ దగ్గరే ఉంచు, లవ్.
ఇంకా నాలుగు కాలేదుగా."